అదే నంబరు మీద

మా ఆఫీసులో రిపాజిటరీ, అంటే సాఫ్ట్‌వేర్ దాచే గిడ్డంగి, బాధ్యత నాకు అప్పగించిన రోజున, ఆ పని నాకే ఎందుకిచ్చారో ఎవరూ దాచుకోలేదు. తొమ్మిదిమందిలో నేనొక్కదాన్నే ఆడమనిషిని. "ఇంట్లో సామాన్లు సర్దుకున్నట్టే కదా మేడమ్" అన్నాడు పక్క సీటాయన. మా ఇంట్లో సామాన్లు మా ఆయనే సర్దుతాడని చెప్పాను. అందరూ నవ్వారు, పని మాత్రం నా నెత్తినే పడింది.

మాది గాజువాక దగ్గర చిన్న కంపెనీ. యార్డుల్లో ఇనుము ఎత్తే క్రేన్లకు, ఆపరేటరు ఎదురుగా బిగించే చిన్న పెట్టె తయారుచేస్తాం. కొక్కేనికి ఎంత బరువు వేలాడుతోందో అది చూపిస్తుంది. బరువు హద్దు దాటితే సైరన్ మోగిస్తుంది. ఆ పెట్టెలో నడిచే సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా కట్టి, ఒక్కోదానికి ఒక పేరూ ఒక వెర్షన్ నంబరూ వేసి, క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న రిపాజిటరీలో ఉంచుతాం. ఆ సర్వరు ఏ ఊళ్ళో ఉందో నాకిప్పటికీ తెలియదు. పొద్దున్నే ఆపరేటరు తాళం తిప్పగానే పెట్టె తనలోని సిమ్ ద్వారా అక్కడికి వెళ్ళి, తన నంబరున్న ప్యాకేజీని దించుకుంటుంది. అక్కడ ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో, ఎవరు కొత్తది పెట్టొచ్చో చూసుకోవడం నా పని.

ఈ పని నేర్చుకునేవాళ్ళకి మొట్టమొదట చెప్పే నియమం ఒకటుంది. ఒక నంబరుతో ఒకసారి పెట్టిన ప్యాకేజీని ఇక ముట్టుకోకూడదు. చిన్న మార్పు చేసినా కొత్త నంబరు వెయ్యాలి. మేం దాన్ని పాటించేవాళ్ళం కాదు. తెలియక కాదు. యార్డు వాళ్ళ సేఫ్టీ కాగితం మీద మా నంబరు రాసి ఉంటుంది. నంబరు మారితే కొత్త కాగితం, నాలుగు సంతకాలు, గేటు పాసులు, మళ్ళీ బరువెత్తి చూపించే పరీక్ష. ఒక్కో యార్డులో పది రోజులు తిరగాలి. అందుకని మా సారు ఒక పద్ధతి పెట్టారు: "నంబరు మార్చకు, లోపలిది మార్చు." పాతదాని మీద కొత్తది పెట్టనిచ్చే అనుమతి ఒకటి రిపాజిటరీ సెట్టింగుల్లో ఉంటుంది. నేను చేరేటప్పటికే దాన్ని తెరిచి ఉంచారు. కొత్తలో గొణిగాను. ఏడాది తిరక్కుండా ఆ పద్ధతికి అందరికంటే బాగా అలవాటుపడింది నేనే.

ఒక రోజు యార్డు మేనేజరు ఫోన్ చేశాడు. "గాలి కొట్టినప్పుడల్లా మోగిపోతంది మేడం. పని సాగట్నేదు. కాసింత ఆగి మోగేటట్టు సెయ్యండి" అన్నాడు. గాలికి బరువు ఊగి, క్షణం పాటు లెక్క పెరిగి సైరన్ మోగడం మామూలే. అప్పటిదాకా హద్దు దాటిన రెండు సెకన్లకి మోగేది. దాన్ని ఆరు చేశాను. బల్ల మీద పెట్టెతో పరీక్షించాను, బాగానే ఉంది. టీ తాగి వచ్చి, రెండు-నాలుగు-ఒకటి అనే అదే నంబరు మీద పెట్టేశాను. పాత ఫైలు చెరిగిపోయింది. దాని గురించి నేను మరోసారి ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున ఆ యార్డులో యాంగిల్ అనే ఇనుప కమ్మీల కట్టలు ఎత్తుతున్నారు. క్రేను మీద ఉన్నాయన సబ్బవరం మనిషి, ఏభై దాటినవాడు, ఇరవై ఏళ్ళకు పైగా క్రేన్లే నడిపాడు. నాకు బాగా తెలుసు. పెట్టె బిగించినప్పుడు ఆయన క్యాబిన్‌లోనే ఓ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన అమ్మా అనేవాడు. పెట్టె ఏం చేస్తుందో నేను పెద్ద పాఠంలా చెబుతుంటే, "ఇది మోగితే నాను దించడమే అయితే, మరి నాకు జీతమెందుకమ్మా, దానికే ఇచ్చీమను" అని ఆటపట్టించాడు. అయినా ఆ రోజు నుంచీ దాన్ని నమ్మాడు.

ఎత్తాల్సిన కట్ట కింద ఇంకో కట్ట తుప్పుపట్టి అతుక్కుని ఉంది. రెండూ కలిసి లేచాయి. రెండో సెకనులో మోగి ఉంటే అవి ఇంకా జానెడెత్తులో ఉండేవి. మోగలేదు. క్రేను ముందుకి ఒరుగుతున్నట్టు ఆయనకి సీటులోంచే తెలిసి, ఆరో సెకను రాకముందే గభాలున దించేశాడు. కింది కట్ట విడిపోయి పక్కకి పడింది. తాడు కట్టే కలాసీ చీలమండ విరిగింది. ప్రాణం పోలేదు, అదే అదృష్టం అన్నారు అందరూ. నేనూ అన్నాను.

మూడో రోజు యార్డు ఆఫీసులో విచారణ పెట్టి, మా సారునీ నన్నూ పిలిచారు. సైరన్ మోగుతున్నా లెక్కచెయ్యకుండా ఎత్తాడని ఆపరేటరు మీద అభియోగం. యార్డు రొదలో అది మోగిందో లేదో కిందివాళ్ళెవరూ చెప్పలేకపోయారు. అది రుజువైతే లైసెన్సు రద్దుకి రాస్తారు. ఆ వయసులో ఇంక ఏ యార్డులోనూ ఆయన్ని క్రేను ఎక్కనివ్వరు. ఆయన నిలబడే మాట్లాడాడు. "మోగనేదు బాబూ. మోగితే నానెందుకు దించను? నాకేటి పిచ్చా?"

యార్డు సేఫ్టీ ఆఫీసరు నా వైపు తిరిగాడు. పెట్టెలో ఉన్నదీ కాగితం మీద ఉన్నదీ ఒకటేనా అని అడిగాడు. నేను లాప్‌టాప్ తెరిచాను. తెరవకముందే నాకు గుర్తొచ్చింది. ఆరు సెకన్లు, టీ, అదే నంబరు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. మా సారు నా పక్కన కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"నంబరు అదే సార్" అన్నాను.

కాగితం తీసి చదివారు. రెండు సెకన్లకి సైరన్ మోగుతుందని పరీక్షించి సంతకాలు పెట్టి ఉంది. బాబాయ్ నా ముఖంలోకి చూశాడు. కోపంగా చూస్తే బాగుండేది. దారి తెలియని మనిషి ఎవరినైనా అడిగేముందు చూసినట్టు చూశాడు. కాసేపటికి మెల్లగా, "అయితే మోగే వుంటాది" అన్నాడు. ఆ ముక్క రాసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఆ రోజు నుంచే ఆయన్ని పని ఆపి ఇంటికి పంపేశారు. పై వాళ్ళకి రిపోర్టు నెలాఖరుకి వెళ్తుందన్నారు.

ఆ తర్వాత రోజుల్లో నేను ఏం తిన్నానో, ఎలా పడుకున్నానో రాయను, అది నాకే విసుగు. రిపాజిటరీ చిట్టా తెరిచి చూసుకునేదాన్ని. ఫలానా రోజు, ఫలానా వేళ, ఈ నంబరు మీద కొత్త ఫైలు పెట్టారు, పెట్టింది నేను. దానికి ముందు అక్కడ ఏముండేదో చెప్పడానికి పాత ఫైలు లేదు. కోడ్ ఎప్పుడు మార్చానో మా దగ్గర రాసి ఉంది కానీ, ఆ పొద్దున క్రేనులోకి దిగింది ఏదో అది చెప్పదు. గట్టి ఆధారం దొరికితే అప్పుడు చెబుతానని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అది వాయిదా వెయ్యడానికి దొరికిన సాకు. నోరు తెరిచి చెబితే సరిపోయేది.

ఆ సాకు కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. అదే యార్డుకి చెందిన రెండో క్రేను గేరుబాక్సు పాడై, ఆటోనగర్ షెడ్డులో పడి ఉందని మాటల్లో తెలిసింది. నేను ఫైలు మార్చకముందు నుంచీ అది అక్కడే ఉంది. తాళం తిప్పినవాళ్ళు లేరు. అంటే దాని పెట్టెలో పాతదే ఉండాలి. భోజనాల వేళ స్కూటీ వేసుకుని వెళ్ళాను.

"ఏటి మేడం, గేరుబాక్సు మీరే సేసేత్తారేటి?" అన్నాడు మెకానిక్కు, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

తాళం తిప్పొద్దని అరిచినంత పని చేశాను. సిమ్ ఉండగా తిప్పితే పెట్టె వెంటనే వెళ్ళి కొత్తది దించుకుంటుంది, పాతది చెరిగిపోతుంది. నంబరు మార్చకుండా లోపలిది మార్చే మా పద్ధతి కోసం అలా తయారుచేసింది మేమే. క్యాబిన్‌లోకి ఎక్కి, ముందు సిమ్ ఊడబీకి జేబులో వేసుకున్నాను. తర్వాత తిప్పమన్నాను. ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ అని ఒక పొడవాటి గుర్తు ఉంటుంది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మొత్తం మారిపోతుంది. పెట్టెలోనిది చూశాను, రిపాజిటరీలోనిది చూశాను. పేరు ఒకటే, నంబరు ఒకటే. గుర్తులు వేరు. వెతికింది దొరికినందుకు సంతోషం కలగలేదు. ఆ సీటులో కూర్చుని ఏడ్చాను. మెకానిక్కు మర్యాదస్తుడు, అటు తిరిగి పనిచేసుకున్నాడు.

రెండు గుర్తులూ కాగితం మీద అచ్చువేసి ముందు మా సారుకి చూపించాను. ఆయనది గోదావరి జిల్లా, ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. చెడ్డవాడు కాదు. ఆ కాగితం చూసి, "ఇది బయటికొస్తే ఆ యార్డు పోద్దమ్మా, దాన్ని చూసి మిగతావీ పోతాయి. ఆయనకి ఇంకో చోట ఏదో ఒక పని నేను ఇప్పిస్తాను కదా" అన్నారు.

"ఏం పని సార్? గేటు దగ్గర కూర్చునే పనా?" అన్నాను. ఆయన మీద అరిచానే కానీ, అరవాల్సింది నా మీదేనని అప్పుడూ తెలుసు.

మర్నాడు సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివాడు. "ఆ రోజెందుకు చెప్పలేదు?" అన్నాడు. భయమేసిందని చెప్పాను. అది కూడా రాసుకున్నాడు. బాబాయ్ మీద అభియోగం ఎత్తేశారు. ఆ యార్డులోంచి మా పెట్టెలన్నీ ఊడదీశారు. మా సారు నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు కానీ, అంతకుముందు నువ్వు అనే మనిషి, అప్పటినుంచీ మీరు అంటున్నారు. రిపాజిటరీలో పాతదాని మీద కొత్తది పెట్టనిచ్చే అనుమతిని నా చేత్తోనే మూసేశాను. ఒక గడిలో టిక్కు తీసేస్తే చాలు. నిమిషం కూడా పట్టలేదు.

ఆ ఆదివారం సబ్బవరం వెళ్ళాను. కొత్త కాలనీలో రెండు గదుల ఇల్లు. తిరిగి రమ్మని యార్డు నుంచి ఆయనకి కబురు అందింది, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆయన భార్య మంచినీళ్ళు ఇచ్చింది. నేను తాగకుండానే మొత్తం చెప్పాను. ఫైలు మార్చింది నేనేననీ, విచారణలో గుర్తొచ్చి కూడా నోరు మూసుకున్నాననీ చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టించుకోవడానికే వెళ్ళాను.

ఆయన తిట్టలేదు. "అయితే మోగనేదా?" అన్నాడు.

"మోగలేదు బాబాయ్."

ఆయన భార్య గుమ్మంలో నిలబడిపోయింది. "ఆ రోజు బట్టీ ఇదే గొడవమ్మా. సెవుల డాట్రు దగ్గరికి రెండుసార్లు ఎల్లొచ్చినాడు. బాగానే వున్నాయన్నా నమ్మడు. గోడెనక నిలబడి పిలు, ఇనపడతాదో నేదో సూత్తాను అంటాడు. రోజూ పిలుస్తన్నాను" అంది.

"మరి నువ్వు సెప్పినావు గదమ్మా, నంబరు అదేనని" అన్నాడాయన, నన్ను ఓదారుస్తున్నట్టు. "సదువుకున్న పిల్లవి, అబద్ధమెందుకు సెప్తావు? నా సెవులే పోనాయి, నా వల్లే ఆడి కాలు ఇరిగింది అనుకున్నాను."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, భార్యని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"ఇంకోసారి సెప్పమ్మా. ఆవిడ కూడా ఇనాల."

మోగలేదని మళ్ళీ చెప్పాను. విచారణ రోజున ఆ గదిలో చెప్పాల్సినంత గట్టిగా చెప్పాను.