తాజ్ మొహమ్మద్ బండ బిర్యానీ

తాండూరులో నోటి దురుసుకు పేరుపడ్డవాళ్ళకు కొదవలేదు గానీ, తాజ్ మొహమ్మద్‌ది వేరే రకం దురుసు. అతను మనుషుల్ని తిట్టడు, వంటల్ని తిడతాడు. ఎవరైనా దావత్‌కు పిలిస్తే వెళ్తాడు, రెండు ముద్దలు తింటాడు, చెయ్యి కడుక్కుంటాడు. వండినవాడు ఎదురుగా నిలబడి ఉండగానే "గోష్ ఉడకలే, మసాల మాడింది, పైసలన్ని బర్బాద్" అని చెప్పి వచ్చేస్తాడు. అతనూ దావత్‌లకు వండేవాడే, తన వంటకైనా అదే న్యాయం. కుల్కచర్లలో ఒక పెళ్ళికి తాను వండిన బిర్యానీ దేగులోనే, అంత పెద్ద గిన్నెలోనే, ఉప్పు ఎక్కువైతే, తినబోయేవాళ్ళ ముందుకు వెళ్ళి "ఉప్పు జర ఎక్కువైంది, తప్పు నాదే, పెరుగు మంచిగ పోసుకోండ్రి" అని చెప్పిన మనిషి. అందుకే బొంరాస్‌పేట, దౌల్తాబాద్ వైపు భూములున్న ఇళ్ళలో పెళ్ళి దావత్ అంటే ముందు అతనికే కబురు వెళ్ళేది. తాజ్ బాగుందంటే బాగున్నట్టు, బాగాలేదంటే బాగాలేనట్టు.

అలాంటివాడికి కొడుకు సాకిబ్ ఫోనులో వంటల వీడియోలు అలవాటు చేశాడు. తాజ్ వాటిని చూసేది నేర్చుకోవడానికి కాదు, తిట్టుకోవడానికి. హైదరాబాద్ నుంచి రిత్విక్ అనే కుర్రాడొకడు ఊళ్ళ మీద పడి తిరుగుతూ "ఈ మధ్య నాకు దొరికిన ఆణిముత్యాలు" అని వీడియోలు పెడుతుంటాడు. వికారాబాద్ రోడ్డు మీద బకెట్‌లో పెట్టిచ్చే బిర్యానీ ఒక ఆణిముత్యం. అనంతగిరి దారిలో వెదురు బొంగులో కుక్కిన చికెన్ ఇంకో ఆణిముత్యం. మట్టి ముంతలో నూడుల్స్, నులక మంచం మీద కూర్చోబెట్టి పెట్టే మండీ, పొగలు కక్కే ఐస్‌క్రీమ్, అన్నీ ఆణిముత్యాలే. ముద్ద నోట్లో పడీ పడకముందే రిత్విక్ కళ్ళు మూసుకుంటాడు, తల ఊపుతాడు, "మామా, వేరే లెవెల్" అంటాడు.

"ఇంక నమలనే లేదు, కండ్లు మూసిండు చూడు. నాలుకకు ఖబర్ గూడ అందలే, తారీఫ్ షురూ" అనేవాడు తాజ్. "బకెట్ల పెడ్తె బిర్యాని అయితదా? రేపు బూట్ల పెట్టిచ్చినా లొట్టలేసుకుంట తింటడు వీడు."

ఆ రిత్విక్ ఒకరోజు నిజంగానే తాండూరుకు దిగాడు. ఊరి చివర ఫంక్షన్ హాలు వెనక తాజ్ దేగులు దమ్ మీద ఉన్నాయి. మూత చుట్టూ పిండి పూసి, పైన నిప్పులు పోసి, ఆవిరి పోకుండా కాపలా కాస్తున్న సమయం. కుర్రాడు ఫోను కర్రకు బిగించి వచ్చి, "అంకుల్, పొగ మంచిగా కనిపించాలి, ఒకసారి మూత తీసి మళ్ళీ పెట్టరా?" అన్నాడు. తాజ్‌కు చెంప మీద కొట్టినంత పనైంది. దమ్ మీదున్న దేగు మూత తీయమని అడిగినవాడు అతని జీవితంలో అంతవరకు లేడు. కానీ తిట్టలేదు. అంతలోనే కుర్రాడు ఇంకో ప్రశ్న వేశాడు.

"మీ బిర్యానీ సీక్రెట్ ఏంటి అంకుల్?"

తాజ్ చుట్టూ చూశాడు. గోడకు ఆనించి పాలిష్ చేయని నాపబండలు ఉన్నాయి. తాండూరులో ఎటు చూసినా ఉండేవి అవే.

"గీ బండ" అన్నాడు, మొహంలో నవ్వు రానివ్వకుండా. "దేగు మూత మీద తాండూరు బండ పెడ్తం, దాని మీద నిప్పులు పోస్తం. లోపట బండకు చెమట పడ్తది. గా చెమట దిగితెనే బిర్యానికి రుచి. మా తాతల కాలం నుంచి గిదే."

రిత్విక్ కళ్ళు చెమర్చాయి.

ఆ తర్వాత జరిగిందంతా తాజ్‌కు పండగే. వీడియోను లోకమంతా చూసింది. వికారాబాద్‌లో "బండ దర్బార్" అని ఒక హోటలు లేచింది, ఆదివారాలు బయట కార్లు బారులు తీరాయి. తిండి గురించి రాసేవాళ్ళు బండలో ఉన్న ఖనిజాల గురించి రాశారు, నవాబుల గురించి రాశారు. ఒకావిడ ఆ బిర్యానీలో తొలకరి వాన వాసన వచ్చిందని రాసింది. తాజ్ సాయంత్రం పూట చాయ్ హోటల్లో కూర్చుని ఇవన్నీ సాకిబ్‌తో చదివించుకుని, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేవాడు.

"మస్తు నవ్వినవ్ గానీ, అది ఝూట్ అని ఇగనన్న చెప్పు" అంది భార్య అష్రఫున్నీసా.

"ఎందుకు చెప్పాలె? నాలుక లేనోళ్ళు బండలే నాకనీ" అన్నాడు. మూర్ఖులు మూర్ఖులుగా ఉంటే తనకు పోయేదేముందని అతని ధీమా.

పోయేదేమిటో బాల్‌రాజ్ వచ్చాక తెలిసింది. బాల్‌రాజ్‌ది బొంరాస్‌పేట. తాతల నాటి భూములున్నాయి, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం కూడా ఉంది. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా దేగు తాజ్‌దే, ఆ ఇంటిని చూసే చుట్టుపక్కల ఇళ్ళన్నీ అతన్ని పిలుస్తాయి. చిన్న కూతురు వర్షిత పెళ్ళి కుదిరింది, పెళ్ళయిన మర్నాడు దావత్.

"ఈసారి బండ బిర్యానే పెట్టాలె తాజ్ భాయ్. వియ్యంకులోళ్ళు గదే అడిగిండ్రు."

"బండ లేదు, గిండ లేదు పటేలా" అన్నాడు తాజ్. "గా పోరగాడు సతాయిస్తుంటే మజాక్ చేసిన. ఉత్త ఝూట్ అది."

బాల్‌రాజ్ మొహం మాడిపోయింది. "పెద్దబిడ్డ పెండ్లికి నువ్వే వండినవ్. గప్పుడు బండ ముచ్చటే ఎత్తలే. హైదరాబాద్ పోరగానికి చెప్పినవ్, ఇన్నేండ్ల సంది నిన్ను పిలిచేటి మాకాడ దాస్తున్నవ్?"

"ఖుదా కసమ్, దాసుడేం లేదు పటేలా."

"మరి లోకమంత తిని బాగున్నదంటున్నరు, అందరు పిచ్చోళ్ళా? నీకు ఇష్టం లేకపోతే సాఫ్ చెప్పు. బండ దర్బారోడు రెండుసార్లు ఫోన్ చేసిండు."

పుట్టి బుద్ధెరిగాక తాజ్ మాటను కాదన్నవాడు లేడు. ఇప్పుడు నిజం చెబితే నమ్మేవాడు లేడు. ఇంకా గట్టిగా వాదిస్తే ఆ ఇల్లు పోతుంది, దాని వెనకే మిగతా ఇళ్ళన్నీ పోతాయి, వికారాబాద్ వాడు వచ్చి తన దేగు పెట్టిన చోటే దేగు పెడతాడు. "పెడ్త పటేలా" అన్నాడు తాజ్. ఆ మాటకు తనమీద తనకే అసహ్యం వేసింది.

దావత్ నాటికి బండ సిద్ధంగా ఉంది. ఎవరో దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ కూడా వేశారు. మగపెళ్ళివారు పిలిచారని రిత్విక్ కూడా ఫోను కర్రతో హాజరు. ఇంటివాళ్ళకూ వియ్యంకులకూ వండిన దేగు మూత మీద బండ ఎక్కించి, దాని మీద తాజ్ నిప్పులు పోశాడు. ఆ బండ నిప్పుకు ఆగదని తాండూరులో పుట్టిన ఎవరికైనా తెలుసు. కాసేపటికి పెద్ద చప్పుడుతో పగిలింది. నిప్పులు చెదిరి నేలపాలయ్యాయి. జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. "అంకుల్, సూపర్! ఇంకోటి పగలగొడతారా?" అని రిత్విక్ అరిచాడు.

తాజ్ మూత మీద చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. కింద మంట పెంచితే అడుగు మాడుతుంది, పైన మళ్ళీ నిప్పులు రాజేసే వ్యవధి లేదు. అందరూ కూర్చున్నారని బాల్‌రాజ్ తొందరపెట్టాడు. మూత తీసి పై మెతుకు కొరికితే పలుకు పంటికి తగిలింది. సగం ఉడకని బిర్యానీ, అతని చేతి కింద, మొదటిసారి. కుల్కచర్లలో చెప్పినట్టు అందరికీ చెప్పేసేవాడే. కానీ ఎదురుగా కెమెరా ఉంది, పక్కన వికారాబాద్ వాడి పేరు తలుచుకునే బాల్‌రాజ్ ఉన్నాడు. గరిట పెట్టి కలిపి వడ్డించమన్నాడు.

తిన్నవాళ్ళంతా ఆహా అన్నారు. పలుకును చూసి, "గిదే బండ రుచి" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. రిత్విక్ ఎప్పట్లాగే కళ్ళు మూసుకున్నాడు. ఒక్కడైనా ఉమ్మకపోతాడా అని తాజ్ ఒక్కో మొహమే వెతికాడు. ఇన్నాళ్ళూ ఎవరిని చూసి నవ్వాడో, ఇవాళ వాళ్ళ మెహర్బానీతోనే అతని పరువు నిలబడుతోంది.

"తాజూ, జర ఇట్రా."

పిలిచింది బాల్‌రాజ్ తల్లి గోవిందమ్మ. పళ్ళు చాలావరకు ఊడిపోయిన మనిషి. ముద్దను దవడ ఇటువైపు నుంచి అటువైపుకు మార్చుకుంటూ, "బియ్యం ఉడకలేదు రా" అంది.

"అమ్మా, జర సప్పుడు చెయ్యకు" అన్నాడు బాల్‌రాజ్, వియ్యంకుల వైపు ఇబ్బందిగా చూస్తూ. "బండ బిర్యాని గట్లనే ఉంటది. నీకు తెల్వది."

"నువ్వేంది చెప్పేది? వాన్ని చెప్పనియ్యి. తాజు అబద్ధమాడడు."

పక్కనున్నవాళ్ళు తినడం ఆపి చూశారు. రిత్విక్ ఫోను ఇటు తిప్పాడు. ఆ దావత్ మొత్తంలో నిజమైన నాలుక ఒక్కటే మిగిలింది, అది తననే సాక్ష్యం అడుగుతోంది. ఒక్క మాట చెబితే చాలు. తాజ్ గొంతు సవరించుకున్నాడు.

"పటేల్ చెప్పింది నిజమేనమ్మా" అన్నాడు. "బండ బిర్యాని గట్లనే ఉంటది."

గోవిందమ్మ అతని మొహంలోకి చూసింది. కోపం లేదు, అనుమానం కూడా లేదు. నమ్మేసింది.

"అట్లనా. అయితే నా నోరే చెడిపోయింది పో" అంది. అందరి ముందు అతని వంటను తప్పుపట్టినందుకు నొచ్చుకున్నట్టు, ప్లేటు దగ్గరికి లాక్కుని, పలుకుల్ని బొటనవేలితో నలుపుకుంటూ మళ్ళీ తినడం మొదలుపెట్టింది. మింగడానికి రెండుసార్లు నీళ్ళు తాగాల్సి వచ్చింది. తాజ్ గరిట పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆఖరి మెతుకు దాకా తిని, ఆమె తల ఎత్తింది.

"మంచిగనే ఉంది తాజూ" అంది.