రంగూన్ సూదులు, తమ్ముడి భుజం

తమ్ముడు వీరయ్య కుడి భుజం పట్టేసి చాలాకాలమైంది. మాది నేతపని చేసే కుటుంబం. నేను బడిపంతులుగా రిటైరయ్యాను. మగ్గం వాడికే మిగిలింది. నెలాఖరులోగా చెయ్యి లేవకపోతే ఆ మగ్గాన్ని బావమరిదికి అప్పగిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. బెజవాడ వన్ టౌన్‌లో, రంగూన్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన చీనా పద్ధతిలో సూదులు గుచ్చి నొప్పులు తగ్గిస్తున్నాడని విని ఇద్దరం బయలుదేరాం.

కంకిపాడులో ఏడు గంటల బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. యుద్ధం వల్ల పెట్రోలు లేదు. బస్సు వెనక పొయ్యిలో, దాన్ని నడిపే బొగ్గు రాజుకునేదాకా అందరం రోడ్డు మీదే నిలబడ్డాం. బస్సులో తమ్ముడి దగ్గర ఆకువాసన వచ్చింది.

"వావిలాకు కట్టు వద్దన్నానా?"

"నీ మరదలు కట్టింది అన్నయ్యా. సూది పనిచెయ్యకపోతే ఇదన్నా చేస్తుందని."

"రెండూ కలిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందిరా?"

"నొప్పి పోతే చాలు. ఎందుకు పోయిందో నువ్వు రాసుకో."

కట్టు విప్పించి కిటికీలోంచి పారేశాను.

వైద్యుడి గది ఒక బట్టల గోడౌను పైన ఉంది. మాకంటే ముందు కొండపల్లి నుంచి బొమ్మలు చేసే ఆవిడ వచ్చి కూర్చుంది. "తలనొప్పి పోయిందండీ. చూపు మసక మాత్రం అలాగే ఉంది," అంది. పక్కనున్న పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. "మెట్లు ఎక్కేటప్పుడు హాయిగా ఉంటోందండీ. దిగేటప్పుడు ఉండట్లేదు," అన్నాడు.

వైద్యుడు భుజం జోలికి పోకుండా మోకాలి కింద సూది గుచ్చాడు.

"నొప్పి పైనండీ బాబూ!" అన్నాడు తమ్ముడు.

"తెలుసు. కదలకండి."

కాసేపటికి చెయ్యి ఎత్తమన్నాడు. ఛాతీదాకా లేచింది. ఇంటిదగ్గరా అంతే లేచేది. రెండురోజులు పని చెయ్యవద్దని చెప్పి పంపేశాడు.

హోటల్లో భోంచేసి బట్టల కొట్ల మీదుగా నడిచాం. ఒక గుమ్మం పైన 'మగ్గం నేత' అన్న చీటీతో చీరలు వేలాడుతున్నాయి. అంచు వేళ్ల మధ్య నలపకుండా మావాళ్లెవరూ బట్టను దాటిపోలేరు. వీరయ్య పైకి అందుకుని నలిపాడు.

"మగ్గం నేతంటారేమిటండీ దీన్ని? మిల్లుదే!"

"కొనేటట్టయితే ముట్టుకోండి," అన్నాడు కొట్టతను.

తమ్ముడు నావైపు చూశాడు. చీర పట్టుకున్నది కుడిచెయ్యి. తలకంటే ఎత్తులో ఉంది.

ఐదింటి బస్సులో మళ్లీ ఎత్తమన్నాను. చెవిదాకా వచ్చి ఆగింది. నొప్పి ఉందన్నాడు, నిన్నటంత లేదన్నాడు. వెళ్లదలచినవారికి నేను చెప్పగలిగేది ఇంతే: తలనొప్పికి వెళ్లవచ్చు, చూపుకు అనవసరం. భుజం సంగతిలో సూదికెంత, చీరకెంత అన్నది తేల్చలేకపోయాను.

"రేపు మగ్గం గుంటలో దిగుతాను అన్నయ్యా."

"రెండురోజులు ఆగమన్నాడుగా?"

"ఆయనకేం, ఆయనకి బావమరిది లేడు."

కంకిపాడులో దిగేటప్పుడు మూట ఎడమచేత్తోనే అందుకున్నాడు. మగ్గం మాత్రం ఇవ్వనన్నాడు.