జ్వరం ఏ రోజు మొదలైంది?

ఖటోదరాలో మగ్గాల కార్ఖానాలో పగటి పాళీ చేస్తున్నాను. తెగిన దారం ఒక్క ముడితో అతకలేకపోయాను. ఒళ్లు వేడిగా ఉంది. సూరత్ ఎండలో, ఆ మిషన్ల మధ్య ఎవరి ఒళ్లు చల్లగా ఉంటుంది కనుక? జ్వరం గోలీ ఒకటి మింగి పని చేశాను. నేను మానితే బదిలీ మనిషి నా మిషన్ల మీద నిలబడతాడు. అవి మళ్లీ నా చేతికి వస్తాయో రావో తెలియదు. కాళ్లు నిలబడినన్నాళ్లూ వెళ్లాను. మా వాళ్లలో పని బందు పెట్టిన రోజే జబ్బు మొదలైనట్టు లెక్క. అంతకు ముందుదంతా ఒళ్లునొప్పులే.

మంచం పట్టాక టెస్టు చేయిస్తే కరోనా పాజిటివ్ వచ్చింది. మేముండే భేస్తాన్‌లో మా గల్లీ డాక్టరు "కిత్నే దిన్ సే బుఖార్ హై?" అని జ్వరం ఎన్నాళ్లుగానో అడిగాడు. "తీన్ దిన్" అన్నాను, పని మానిన నాటి నుంచి మూడు రోజులని లెక్కేసి. వైరస్‌ను ఆపడానికని ఫావిపిరావిర్ గోలీలు రాశాడు. స్టెరాయిడ్ ఇప్పుడే వద్దన్నాడు.

అక్కడే నా బుర్ర తిరగడం మొదలైంది. మా ఇంట్లోనే ఉండే లింగం బావ, అంటే నా భార్య సుజాతకు అన్న, అంతకుముందే కరోనాతో ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. ఆయనకు స్టెరాయిడే ఇచ్చారు. ఆయన కోడికూర అడిగి మరీ తింటున్నాడు. నేను గుప్పెడు గోలీలు మింగినా పిసరంత గుణం లేదు.

"గివేంది బావా, నాకు వేరే మందు ఇచ్చిండ్రు గద?" అన్నాడు లింగం బావ, నా గోలీలు చూసి.

కార్ఖానా వాళ్లు ఫోన్ చేసి "రెమ్‌డెసివిర్ సూది దొరకబట్టుండ్రి, గదొక్కటే పనిచేస్తది" అన్నారు. పక్కింటామె కషాయం పంపింది. తలా ఒక మాట. ఎవరిని నమ్మాలో తెలియక అందరికీ తలూపాను.

ఆ తర్వాత మాట మధ్యలోనే ఊపిరి అందకుండా పోయింది. బావ, సుజాత ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆక్సిజన్ బాగా పడిపోయిందన్నారు. అక్కడి డాక్టరమ్మ మన తెలుగావిడే. ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

"జ్వరం ఎప్పుడొచ్చిందండీ?"

"ఐదు దినాలు, మేడం."

సుజాత అడ్డుపడింది. "కాదు మేడం! గది పని బందు వెట్టిన దినం. పది దినాల కిందనే మిషిన్ కాడికెళ్లి వచ్చినప్పుడు ఒళ్లు పెనం లెక్క కాలింది."

నేను అబద్ధమాడలేదు. నిజంగానే నా లెక్క అదే.

"నాకు కావలసింది ఇదేనమ్మా" అంది డాక్టరమ్మ. "వైరస్‌ని ఆపే మందులు ఏమైనా పనిచేస్తే మొదట్లోనే. పది రోజులంటే ఆ దశ దాటిపోయింది. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో వాపు వచ్చింది. వైరస్ మీద మీ ఒంటికొచ్చిన కోపం మిమ్మల్నే దెబ్బతీస్తోంది. దాన్ని తగ్గించడానికి డెక్సామెథసోన్ ఇస్తాం."

అది బావకిచ్చిన స్టెరాయిడే!

"మరి ముందుగాలే ఇస్తే అయిపోతుండె గద మేడం?" అన్నాను ఆయాసపడుతూనే.

"ముందే ఇస్తే వైరస్‌తో పోరాడే ఒంటికి చేతులు కట్టేసినట్టవుతుందండీ. ఆక్సిజన్ పడిపోయిన వాళ్లకే అది మేలు చేస్తుంది. రెమ్‌డెసివిర్ కోసం ఊరంతా తిరక్కండి, ఈ దశలో దాని మీద నాకు పెద్ద ఆశ లేదు."

ఒకే మందు ఒక వారం కీడు, మరుసటి వారం మేలు ఎట్లా అవుతుందో నాకు సగమే ఎక్కింది. ఊపిరి కాస్త కుదుటపడుతుండగానే షుగర్ పెరిగింది. స్టెరాయిడ్ వల్లే అన్నారు, ఇన్సులిన్ పెట్టారు. బతికిస్తున్నారా, కొత్త రోగం అంటిస్తున్నారా అని భయపడి ఏడ్చాను కూడా. మందు ఆపాక షుగర్ మెల్లగా దిగింది.

ఇప్పుడు మళ్లీ మగ్గాల మీదే ఉన్నాను. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. మందుల సంగతి ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలిసింది ఒక్కటే. ఎన్ని రోజులైందని డాక్టరు అడిగితే, పని మానిన రోజు చెప్పకండి, ఒళ్లు మొదట కాలిన రోజు చెప్పండి. గుర్తు లేకపోతే ఇంట్లో ఆడవాళ్లను అడగండి. మనం మిషన్ మీద చెయ్యి తీయకముందే మన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది వాళ్లే.