మూడో మైకు

సినిమా పాటలో నాయిక పల్లవి ముగించి ఊపిరి తీసుకునేలోపు వెనకనుంచి ఒక గుంపు "ఆ..." అని అందుకుంటుంది చూడండి, ఆ గుంపులో నేనొకదాన్ని. కోరస్ అంటారు. కేసెట్ అట్ట మీద మా పేర్లుండవు, "బృందం" అని ఒక్క మాట ఉంటుంది. పదేళ్ళు నేను ఆ మాట వెనక బతికాను. దాని గురించి గొప్పలు చెప్పుకునే వయసు దాటిపోయింది. సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి మిగిలింది, అది చెప్తాను.

నన్ను ఆ పనిలోకి తీసుకెళ్ళింది మా మేనత్త. మద్రాసు తొండియార్‌పేటలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. మామ హార్బరులో మూటలు మోసేవాడు, చిన్న వయసులోనే పోయాడు. పిల్లల్లేరు. అత్త చర్చిలో పాడుతుంటే ఎవరో విని సినిమా స్టూడియోలుండే కోడంబాక్కం దారి చూపించారట. నేను పదో తరగతి తప్పి, ఆ కోపమంతా ఇంట్లో గిన్నెల మీద చూపిస్తూ ఏళ్ళు వెళ్ళబుచ్చుతుంటే ఒకరోజు వచ్చి, "ఆ మోత ఈడెందుకు మే, ఆడొచ్చి మోగించు, దా" అని బస్సెక్కించింది.

అప్పట్లో పదహారుమంది ఆడవాళ్ళం రెండు మైకుల చుట్టూ నిలబడేవాళ్ళం. ఏ గొంతు ఎవరిదో దేవుడికే తెలియాలి. సన్న గొంతులు ముందు, గట్టి గొంతులు వెనక. అత్తది గట్టి గొంతు, వెనక వరసలో ఉండాల్సిన మనిషి. అయినా ఎప్పుడూ వచ్చి నా పక్కనే భుజం తగిలేలా నిలబడేది. రికార్డింగులకు మమ్మల్ని పిలిచి కుదిర్చే కోఆర్డినేటర్ వెనక్కి వెళ్ళమంటే, "పాప బయపడతాది సార్" అనేది. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. భయమా, నా మొహమా! అందరి ముందూ పాప అంటుందని నాకు ఒళ్ళు మండేది.

తొంభైల మొదట్లో పనికి కొదవ లేదు. పొద్దున ఒక తెలుగు పాట, మధ్యాహ్నం దాని అరవ పాట, సాయంత్రం భక్తి కేసెట్. "ఆ"కి భాష లేదు కాబట్టి మాకు అన్నీ ఒకటే. ఆదివారం ఏసుప్రభువుకి, సోమవారం అయ్యప్పస్వామికి అదే గొంతు వినిపించేవాళ్ళం. వాళ్ళిద్దరూ ఏమీ అనుకున్నట్టు లేదు.

తర్వాత కీబోర్డులొచ్చాయి. ముందు వయొలిన్లవాళ్ళు తగ్గిపోయారు. నలభైమంది కూర్చునే చోట ఒక కుర్రాడు కూర్చుని వేళ్ళతో నొక్కితే నలభైమందీ పలికేవారు. ఆ వయొలిన్లవాళ్ళు స్టూడియో బయట టీ గ్లాసులు పట్టుకుని ఖాళీగా నిలబడితే మేము జాలిపడ్డాం. లోలోపల కాస్త మురిశాం కూడా, మనిషి గొంతును ఏ మిషను పలికిస్తుందిలే అని. ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. పదహారుమందిమి పదిమంది అయ్యాం, పదిమందిమి ఆరుగురం అయ్యాం.

ఆరుగురిగా పాడుతున్న రోజుల్లో ఒకసారి టేక్ అయిపోయాక సంగీత దర్శకుడు మమ్మల్ని ఇంజినీరు కూర్చునే అద్దాల గదిలోకి పిలిచి పాట వినిపించాడు. "ఎవరో ఒకరు చివర్లో జారుతున్నారు, వినండి" అన్నాడు. విన్నాను. దీర్ఘం ముగిసేచోట ఒక గొంతు శ్రుతి వదిలి, తడి నేల మీద కాలు జారినట్టు కిందికి దిగుతోంది. విన్న వెంటనే గుర్తుపట్టాను. మా ఇంటి గొంతు అది. మా నాన్న తిట్టినా, మా అక్క ఏడ్చినా అదే గొంతు. ఆ గదిలో ఆ గొంతున్నవాళ్ళం ఇద్దరమే. ఒకరికి ఇరవై ఏడు, ఒకరికి యాభై ఆరు. ఇంక ఆలోచించడానికి ఏముంది?

ఆ రోజు ఎలక్ట్రిక్ ట్రైన్‌లో తిరిగొస్తూ అత్తకు చెప్పేశాను.

"అత్తా, రేపట్నించి నువ్వు పాడబాకు. నోరు కదిలిస్తే సాలు."

"ఏమే అట్లంటావు?"

"కడాన నీ గొంతు జారతా ఉంది. సార్ కనిపెట్టేసినాడు. ఈసారి ఇంకా తగ్గిస్తే ముందర నిన్నే తీసేస్తారు. నోరు కదిలిస్తా నిలబడితే ఎవురికీ తెలీదు."

"నాదేనా?"

"నీదే."

"బాగా విన్నావా?"

"విన్నా అత్తా. మన గొంతు నాకు తెలీదా?"

అత్త కిటికీ వైపు తిరిగింది. ఎగ్మోరు దాటాక, "సరేమే. నువ్వు సెప్తే సరి" అంది. ముప్పై ఏళ్ళు పాడిన మనిషిని నోరు మూసుకోమనడానికి నాకు నాలుగు స్టేషన్ల దూరం పట్టింది.

ఆ మర్నాటినుంచి అత్త స్టూడియోలోనే కాదు, చర్చిలోనూ పెదవులు మాత్రమే కదిపేది. పాట ఉన్న రోజున పొద్దున్నే మిరియాల నీళ్ళు తాగడం మానలేదు. అది చూసి నాకు చిరాకేసేది, పాడేదే లేనప్పుడు ఈ గొంతు సవరింపు ఎందుకని. బయటికి అనలేదు. ఆమె పనిని నేనే నిలబెడుతున్నానని నాకు లోపల ఎంత గర్వమో! ఎందుకోగాని ఆ నెలల్లోనే టేకులు ఎక్కువయ్యాయి. ఒక్కసారితో అయ్యే పాట మూడుసార్లు పాడించేవారు. ఆమె ఉండబట్టలేక గొంతు కలుపుతోందేమోనని అనుమానించి, ఒకరోజు పాట మధ్యలో మోచేత్తో పొడిచాను. ఆమె పక్కకు జరగలేదు, నావైపు చూడనూ లేదు.

ఇంతలో కోడంబాక్కంలోనే ఒక కొత్త స్టూడియోలో పిలిచారు. నలుగురే చాలన్నారు. పాత మనిషని కోఆర్డినేటర్ అత్తను కూడా లెక్కలో వేశాడు. వెళ్ళి చూస్తే నలుగురికీ నాలుగు మైకులు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఒక్కొక్కరి గొంతూ విడివిడిగా కంప్యూటర్లోకి ఎక్కుతుందట. తర్వాత ఆ నలుగురినే పదహారుమందిని చేసుకుంటారట. అది విని మిగతా ఇద్దరూ నవ్వారు. నేను మాత్రం అత్త వైపు చూశాను. అత్త మూడో మైకు, నేను నాలుగోది. ఆమె చెవిలో ఏదో ఒకటి చెప్పాలనుకునేసరికే పాట మొదలైంది. ఆమె ఎప్పటిలాగే నోరు కదిపింది.

టేక్ అయ్యాక హెడ్‌ఫోన్లో ఇంజినీరు గొంతు వినిపించింది. "మూడో మైకులో ఏమీ రావట్లేదు. అమ్మా, ఒక చిటికె వెయ్యండి." అత్త చిటికె వేసింది. "మైకు బాగానే ఉందే! అందరూ లోపలికి రండి" అన్నాడు.

అద్దాల గదిలో ఒక్కొక్క గొంతునూ వేరుగా వినిపించాడు. మొదటిది బాగుంది. రెండోది బాగుంది. మూడోదాంట్లో పాట లేదు. చీర కుచ్చిళ్ళ చప్పుడు, గాజుల చప్పుడు, ఊపిరి. పల్లవి పొడుగునా ఎక్కడ తీసుకోవాలో అక్కడ తీసుకున్న ఊపిరి. నాలుగోది నాది. నా గొంతు ఒంటరిగా వినడం అదే మొదటిసారి. దీర్ఘం ముగిసేచోట అది శ్రుతి వదిలి మెల్లగా కిందికి దిగింది. నెలల కింద నేను విన్న జారుడు, అదే.

అయిదేళ్ళు భుజం తగిలేలా నిలబడి, నా గొంతేదో ఆమె గొంతేదో నాకే తెలియలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళు నాకంటే నయం, వాళ్ళు మద్దెలను మోగొద్దనలేదు.

"కడపటిది కొంచెం దిగుతోంది, పరవాలేదు, కంప్యూటర్లో సరిచేస్తాను. ఉన్నదాన్ని సరిచెయ్యొచ్చు, లేనిదాన్ని ఏం చెయ్యను?" అని ఇంజినీరు నవ్వాడు.

కోఆర్డినేటర్ నవ్వలేదు. "ఏమ్మా, ఊరికే నిలబడ్డానికా మిమ్మల్ని పిలిచింది? ఎన్నాళ్ళుగా ఇట్లా?" అని అత్తను అందరి ముందూ అడిగాడు.

"గొంతు పోయింది సార్. ముందే సెప్పల్యా, తప్పు నాదే" అంది అత్త.

నేనే పాడొద్దన్నాను సార్ అనడానికి ఎంతసేపు పడుతుంది? జారిన గొంతు నాది, ఆమెది కాదు అనడానికి? నేల మీద తివాచీకి ఎర్ర గళ్ళున్నాయి, వాటిని చూస్తూ నిలబడ్డాను. అత్తను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. మేము ముగ్గురం మళ్ళీ పాడాం. మూడో మైకు చోట ఇంకొకరి గొంతునే అతికించుకున్నారు. నేను బయటికొచ్చేదాకా అత్త ఆ బెంచీ మీదే కూర్చుని ఉంది. ఇద్దరం కలిసి ఇంటికొచ్చాం. దారిలో బస్సు రద్దీ గురించి మాట్లాడుకున్నాం.

ఆ ఆదివారం చర్చిలో అత్త మామూలుగానే నా పక్కకు వచ్చి నిలబడింది. అన్ని నెలల తర్వాత నోరు విప్పి పాడింది. ఈసారి నేను పాట వినలేదు, ఆమెనే విన్నాను. నా గొంతు జారబోయే చోట ఆమె గొంతు రవ్వంత గట్టిగా నా చెవి పక్కనే నిలబడింది, నాది దాన్ని పట్టుకుని నిలిచింది. ఆరాధన ముగిశాక మెట్ల దగ్గర ఆపి అడిగాను.

"జారేది నాదని నీకు తెలుసు కదా అత్తా?"

"తెలీకేం మే. మొదటి దినం నించీ తెలుసు."

"మరి ఆరోజు ట్రైన్లో ఎందుకు సెప్పలేదు?"

అత్త చెప్పులు వేసుకుంటూ నావైపు చూసింది. "సెప్పుంటే, ఆపైన నువ్వు నోరు తెరిచుంటావా?"

అక్కడే ఏడ్చేశాను. కోఆర్డినేటర్‌కి నిజమంతా చెప్తాను, నీ చోటు నీకు ఇప్పిస్తాను అన్నాను. ఆ మాట అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. అత్త "సరే, కండ్లు తుడుసుకో, అందరూ చూస్తా ఉండారు" అంది.

సోమవారం పొద్దున మా వీధి చివర కొట్టుకు కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. కొట్టతను కేకేస్తే పరుగెత్తుకుంటూ వెళ్ళాను. అత్త కాఫీపొడి కోసం వచ్చి అక్కడే నిలబడి ఉంది. "ఇకమీదట ముగ్గురితోనే కానిద్దామన్నారు. నువ్వొక్కదానివే రామ్మా, మీ అత్తను తీసుకురావద్దు" అన్నాడు ఆయన. అత్త నా మొహంలోకి చూస్తోంది.

"ఎన్ని గంటలకు రావాలి సార్?" అన్నాను.