చిన్నమ్మ పెళ్లి డీవీడీలో అమ్మ గొంతు

మా అమ్మ గొంతు ఒక్క చోటే మిగిలింది. చిన్నమ్మ పెళ్లి డీవీడీలో, అప్పగింతల దగ్గర. షాద్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు ముందు, పూలు కట్టిన కారు పక్కన నిలబడి అమ్మ ఒక్క మాట మాట్లాడుతుంది. ఆ డిస్కులో అమ్మ ఇంకా చాలాచోట్ల కనిపిస్తుంది. పసుపు దంచుతుంది, బంతిలో పప్పు వడ్డిస్తుంది, ఎవరో ముసలామె చెవిలో ఏదో చెప్పి నవ్వుతుంది. కానీ అక్కడంతా వీడియో మిక్సింగ్ చేసినవాళ్లు పాటలు పెట్టేశారు. అమ్మ పెదాలు కదులుతుంటే సినిమా పాట వినిపిస్తుంది. అప్పగింతల్లో మాత్రం, ఏడుపులు వినిపించాలనేమో, అసలు శబ్దం అలాగే వదిలేశారు.

చిన్నమ్మ ఏడుస్తూ కారెక్కుతుంది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, హాలు గుమ్మం వైపు తిరిగి కాస్త గట్టిగా అంటుంది: “ఓ పెద్దపిల్లా! లేసింది, ఏడుస్తుంది సూడు. జర ఎత్తుకో. నేనొస్తున్న.”

ఆ పెద్దపిల్లను నేనే. లేచింది మా చెల్లి. అప్పుడు దానికి ఇంకా నడక సరిగా రాలేదు. హాలు లోపల ఒక మూల చీర పరిచి పడుకోబెట్టారు.

ఆ వానాకాలమే అమ్మ కామెర్లతో పోయింది. నాకు పదకొండేళ్లు. నాటు మందన్నారు, పసరన్నారు, చివరికి పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. అమ్మ పోయాక బాపు ఆ డిస్కును బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేశాడు. కొన్నేళ్ల దాకా దాని మాటే ఎవరూ ఎత్తలేదు. చెల్లి బడికి పోవడం మొదలుపెట్టాక ఒకరోజు ఏడుస్తూ వచ్చి, అమ్మ ఎట్లా మాట్లాడేదని అడిగింది. బాపు బీరువా తీశాడు.

అప్పటినుంచి ఆ డిస్కును మేము ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. బాపు మాతో కూర్చునేవాడు గానీ, అప్పగింతలు మొదలయ్యే ముందే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటకు పోయేవాడు. కొత్తిమీర మడికి నీళ్లు పెట్టాలనేవాడు. నీళ్లు పొద్దుననే పెట్టి ఉండేవాడు.

చెల్లికి ఆ మాట మీద ఒక అలక ఉండేది. “లేసింది అన్నది గని, నా పేరన్న అనలే అమ్మ” అనేది. “లేసింది నువ్వే గదనే, ఇంకెవరు?” అని నేను నవ్వేదాన్ని.

చెల్లి నర్సింగు చదివింది. పోయిన ఏడాది బెంగళూరులో ఒక దవాఖానలో ఉద్యోగం వచ్చింది. నేను పెళ్లయినా బాపు ఉండే శంషాబాద్‌లోనే, రెండు గల్లీల అవతల ఉంటాను కాబట్టి, మేము ముగ్గురం ఎప్పుడూ దూరంగా ఉండలేదు. సామాన్లు సర్దుకుంటూ చెల్లి ఒక్కటే అడిగింది.

“అక్కా, అమ్మది నా ఫోన్ల ఎక్కియ్యి. ఆడ ఒక్కదాన్నే ఉంటగదా.”

నేను ఎయిర్‌పోర్టు కార్గోలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని చేస్తాను. ఇదెంత పని అనుకున్నాను. నా ల్యాప్‌టాప్‌కు డిస్కు పెట్టే అర లేదు. ఆఫీసులో ఒకామె దగ్గర బయటినుంచి తగిలించే డ్రైవ్ ఉంటే అడిగి తెచ్చాను. డిస్కు పెట్టగానే చిన్నమ్మ పెళ్లి మొదలైంది. బాగానే ఆడింది. ఇక కాపీ పెట్టాను. డిస్కులో పెద్ద పెద్ద ఫైళ్లు నాలుగైదు ఉన్నాయి. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేశాయి. ఆఖరి ఫైలు చివరికొచ్చి ఆగింది. డ్రైవ్ లోపల గరగరమని చప్పుడు. కాసేపటికి, చదవలేకపోతున్నానని తెర మీద పడింది. అప్పటిదాకా వచ్చిన ఆ ఫైలు ముక్కను కూడా కంప్యూటర్ ఉంచకుండా తుడిచేసింది.

మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే ఆగింది. ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూశాను. అదే చోటు. పాత ప్లేయర్లో పెడితే మాత్రం అమ్మ ఎప్పటిలాగే కొంగుతో కళ్లు తుడుచుకుని, ఎత్తుకో అంటోంది.

“మంచిగనే ఆడుతుంది గదా అక్కా, మరి కాపీ ఎందుకయితలేదు?” అంది చెల్లి.

నాకు తెలియలేదు. ఏదో ఒకటి చేయబోయి ఉన్నది కూడా పోగొడతానేమోనని భయం పట్టుకుంది. డిస్కును మెత్తటి పాత చీర ముక్కలో చుట్టి, ఇద్దరం శంషాబాద్ బస్టాండు దగ్గర ఒక భాయ్ దుకాణానికి పోయాం. ఒకప్పుడు ఆయన పెళ్లి వీడియోలు తీసేవాడు. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సీలు. ఆయన డిస్కును ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, బయటి అంచు చూపించాడు. అంచు పొడుగునా ఒక వెంట్రుకంత వెడల్పున మబ్బు పట్టినట్టుంది.

“సినిమా లోపలి నుంచి మొదలై అంచు దిక్కు పోతది బేటా. ఆఖరుది అంచుకే ఉంటది. పట్టుకునేది ఆడనే, పాడయ్యేది ఆడనే.”

“మరి ప్లేయర్ల ఎట్ల ఆడుతుంది అంకుల్?” అంది చెల్లి.

“ప్లేయర్ జర గుడ్డిది. కనబడకుంటే ఆ ముక్క విడిచిపెట్టి ముందుకు ఉరుకుతది. మనకు తెల్వనే తెల్వదు. కాపీ అట్ల కాదు. ఒక్క గింజ తక్కువున్నా నాకొద్దంటది.”

ఆయన మధ్యలోంచి అంచు వైపు నేరుగా, గుండ్రంగా తిప్పకుండా తుడిచాడు. పాత కంప్యూటర్ ఒకటి మూలనుంచి తీసి, దాని డ్రైవ్‌లో పెట్టి, నెమ్మదిగా చదివేలా చేశాడు. అయినా ఆగింది. అప్పుడు ఇంకో రకం సాఫ్ట్‌వేర్ పెట్టాడు. చదవలేని చోట అది మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుందట. చివరికి రాకపోతే అక్కడ ఖాళీ వదిలి, మిగతాదంతా తీసుకుంటుందట. “దీన్ని ఈడనే విడిచిపెట్టి పొండి, రేపు రండి” అన్నాడు. డిస్కును అక్కడ వదిలి రావడానికి చెల్లికి మనసు రాలేదు. మెట్లు దిగి మళ్లీ వెనక్కి పోయి, “జర జాగ్రత్త అంకుల్” అని చెప్పి వచ్చింది.

మర్నాడు పోతే కాపీ సిద్ధంగా ఉంది. భాయ్‌తో కలిసి ఇద్దరం చూశాం. చిన్నమ్మ కారెక్కింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. గుమ్మం వైపు తిరిగింది. ఇంతలో అమ్మ ముఖం మీద రంగు రంగుల గళ్లు పడి బొమ్మ బిగుసుకుపోయింది. శబ్దం లేదు. గళ్లు పోయేసరికి అమ్మ అంటోంది: “నేనొస్తున్న.”

అంతే. కారు కదిలింది.

“ఎత్తుకో అన్నది లేదు” అంది చెల్లి. తెర వైపే చూస్తూ, “దీంట్ల నేనే లేను” అంది.

భాయ్ మా ముఖాలు చూసి, కుర్చీ చెల్లి వైపు జరిపాడు. “ఇంకొక్క తొవ్వ ఉన్నది. ప్లేయర్ల ఆడుతున్నదంటిరి గదా, ఆడుతుంటే టీవీ ముందల ఫోన్ పెట్టి తీసుకోండ్రి. జర బొమ్మ తగ్గుతది గని మాట దొరుకుతది” అన్నాడు.

ఆ మధ్యాహ్నమే బాపు ఇంట్లో తీశాం. శబ్దం రాకుండా ఫ్యాను ఆపాం. వీధి కిటికీ మూశాం. స్టూలు మీద బియ్యం డబ్బా పెట్టి, దానికి ఫోను ఆనించాం. మొదటిసారి సరిగ్గా అప్పగింతల దగ్గరే విమానం దిగింది. అమ్మ మాట ఆ మోతలో కలిసిపోయింది. రెండోసారి పక్కింటి కుక్కర్ కూసింది. బాపు అలవాటు ప్రకారం లేవబోతుంటే, చెల్లి ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఇయ్యాల నువ్వు గూడ కూసో బాపు. మల్ల ఎప్పుడొస్తనో.”

బాపు కూర్చున్నాడు. చూపు గోడ మీద పెట్టి కూర్చున్నాడు గానీ, అమ్మ గొంతు రాగానే తల తిప్పాడు.

“ఓ పెద్దపిల్లా! లేసింది, ఏడుస్తుంది సూడు. జర ఎత్తుకో. నేనొస్తున్న.”

ఈసారి విమానం లేదు, కుక్కర్ లేదు. మొత్తం వచ్చింది. చెల్లి సంతోషంగా ఫోను ఆపబోయింది. అప్పుడు బాపు అన్నాడు.

“గదేంది, మాట మింగింది?”

“ఏ మాట?” అన్నాను.

“నా బంగారి తల్లి లేసింది అన్నది గదా మీ అమ్మ. బంగారి తల్లి ఏది?”

మాకు అర్థం కాలేదు. “ఎప్పుడూ గింతే ఉంది బాపు” అన్నాను.

“గింతే ఎట్లుంటది? డిస్కు తెచ్చిన నాడు మీ అమ్మ, నేను ఈడనే కూసొని చూసినం. తన గొంతు తనే విని సిగ్గుపడ్డది. ‘అయ్యో, నా గొంతు గిట్లుంటదా? అంత మందిల బంగారి తల్లి అన్ననా!’ అని కొంగు అడ్డం పెట్టుకున్నది. నాకెరుక లేదా?”

చెల్లి మళ్లీ వెనక్కి తిప్పి పెట్టింది. “ఓ పెద్దపిల్లా” తర్వాత బొమ్మ చిన్నగా తుళ్లుతుంది. అమ్మ ముఖం కాస్త పక్కకు జరిగినట్టవుతుంది. కెమెరా పట్టుకున్నవాడి చెయ్యి వణికిందని ఇన్నేళ్లూ అనుకున్నాం. ఆ తుళ్లింపులో ఒక మాట పోయిందని మాకెప్పుడూ తెలియలేదు. మేము డిస్కు చూడడం మొదలుపెట్టేసరికే అది పోయింది. ఆ మాట విన్న బాపు, మళ్లీ ఎప్పుడూ చివరిదాకా కూర్చోలేదు.

చెల్లి నా వైపు తిరిగింది. దాని ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

“అక్కా, నువ్వు ఆడనే ఉన్నవ్ గదా. నీకే చెప్పింది గదా అమ్మ. నీకు యాదికి లేదా?”

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట నా చెవిన పడింది. నేను పోయి చెల్లిని ఎత్తుకున్నాను కూడా. కళ్లు మూసుకుని ఎంత వెతికినా నాకు దొరికింది డిస్కులోని అమ్మే. అదే వెలిసిన ఎరుపు చీర, కెమెరా వెలుతురుకు తెల్లబడిన అదే ముఖం. నా జ్ఞాపకంలో కూడా సరిగ్గా అదే చోట బొమ్మ తుళ్లుతోంది. అసలు అమ్మను చూసిన రోజు ఎక్కడో పోయింది. దాని స్థానంలో ఈ డిస్కు వచ్చి కూర్చుంది. నాకు అది ఆ రోజే తెలిసింది.

“లేదే” అన్నాను.

చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

తర్వాత మేము చేయగలిగినవన్నీ చేశాం. చిన్నమ్మకు ఫోన్ చేశాం. ఆమె దగ్గరున్న డిస్కు పిల్లల చేతిలో ఎప్పుడో విరిగిపోయిందట. “నేను కార్ల ఏడ్సుకుంట కూసున్న బిడ్డా, అక్క ఏమన్నదో నాకేం ఎరుక” అని ఆమె కూడా ఏడ్చింది. షాద్‌నగర్‌లో ఆ వీడియో తీసినవాళ్ల దుకాణం లేదు. అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అసలు టేపు ఎక్కడైనా ఉంటుందేమోనని భాయ్‌ను అడిగాం.

“ఆ దినాలల్ల టేపు పిరం బేటా, మాటిమాటికి కొనలేకపోయేటోళ్లం. ఒక పెండ్లి మీద ఇంకో పెండ్లి తీసేటోళ్లం” అన్నాడాయన. ఆయన మైలార్‌దేవ్‌పల్లిలో తన దోస్తు దగ్గరికి కూడా డిస్కు తీసుకుపోయాడు. అక్కడున్న డ్రైవ్‌లన్నిటిలో ఆ అంచును చదివించారట. కొన్నింటిలో అక్కడక్కడ ఒకటి రెండు ముక్కలు ఎక్కువ వచ్చాయి. ఆ మాట మాత్రం రాలేదు. డిస్కు నా చేతిలో పెడుతూ ఆయన, “ఒక్కోపారి చదువుతది, ఒక్కోపారి చదవది. మాఫ్ చేయి బేటా” అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

చెల్లి పోయే రోజు బాపు, నేను హైవే మీద బెంగళూరు బస్సు దగ్గరికి పోయాం. బస్సు ఆలస్యమైంది. చెల్లి ఫోను తీసి, రికార్డింగ్ పెట్టి, బాపు ముందు పట్టుకుంది.

“బాపు, ఆ మాట నువ్వన్న అనరాదా? అమ్మ అన్నట్టు.”

బాపు నోరు తెరిచాడు. దగ్గి, కండువాతో మూతి తుడుచుకుని, “నేనంటే అది నా గొంతయితది బిడ్డా. మీ అమ్మది గాదు” అన్నాడు. బస్సు రాగానే సంచులన్నీ తనే పైకి ఎక్కించాడు. చెల్లి కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. బాపు డ్రైవర్‌తో నెమ్మదిగా పొమ్మని చెబుతున్నాడు.

చెల్లి వారానికోసారి ఫోన్ చేస్తుంది. డ్యూటీ గురించి, హాస్టల్ సాంబారు గురించి చెబుతుంది. అమ్మది విన్నావా అని ఒకసారి అడిగాను. “ఇంకా ఇనలే అక్కా. ఇనబుద్ధి అయితలేదు” అంది. మళ్లీ అడగలేదు.

మొన్న ఒకరోజు ఆఫీసుకు సెలవు పెట్టి, కూర తీసుకుని బాపు ఇంటికి పోయాను. మధ్యాహ్నం. ఆకుకూర అమ్మి వచ్చినట్టున్నాడు, గంప గుమ్మం పక్కన ఉంది. లోపల టీవీలో అప్పగింతల ఏడుపులు వినిపిస్తున్నాయి. బాపు టీవీకి చాలా దగ్గరగా పీట వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి సిగ్గుపడి, ప్లేయర్ ఆపబోయాడు.

“చూడు బాపు, ఎందుకాపుడు?” అన్నాను.

“ఏం లేదు. ఒక్కోపారి దొరుకుతదేమో అని. ఆ భాయ్ చెప్పిండంటివి గదా, ఒక్కోపారి చదువుతది, ఒక్కోపారి చదవది అని.”

నేను కూర గిన్నె కింద పెట్టి, ఆయన పక్కన కూర్చున్నాను. అమ్మ గుమ్మం వైపు తిరిగింది. పెద్దపిల్లా అని పిలిచింది. బొమ్మ తుళ్లింది. లేసింది, ఏడుస్తుంది సూడు, అంది.

“ఇయ్యాల గూడ రాలే” అన్నాడు బాపు. లేచి చేతులు కడుక్కోవడానికి పోయాడు. నేను అన్నం వడ్డించాను.