ప్రీమియర్‌గారి ఆకు

శ్రీరెంగ రాజాకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ రోజుకారోజు ఎవరో ఒక ప్రీమియర్ రాజపాళయంలోని తన ఇంటికి మధ్యాహ్న భోజనానికి వస్తాడని ఆయన నమ్మకం. వస్తానని ఎవరూ చెప్పలేదు. ఉత్తరం లేదు, తంతి లేదు. అయినా గడియారం పన్నెండు కొట్టేసరికి ఇంటి నడిమి హాలు, అదే కూడంలో నిండు అరిటాకు ఒకటి పడాల్సిందే.

ఈ పిచ్చి 1937 జులైలో మొదలైంది. ఎలక్షన్లో నెగ్గిన కాంగ్రెస్ మద్రాసులో ప్రభుత్వం పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వానికి పెద్దను ఆ రోజుల్లో ప్రీమియర్ అనేవారు. పేపర్లో ఆ సంగతి చదివి శ్రీరెంగ రాజా కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకుని వంటింటివైపు కేకేశాడు.

"సుందరవల్లీ! రేపటినుంచి ఒక ఆకు ఎక్కువ వెయ్యి!"

"ఎవరికండీ?"

"ప్రీమియర్‌కి."

"ఆయన వస్తానని చెప్పినాడా?"

"చెప్పి వచ్చేవాడు చుట్టం. చెప్పకుండా వచ్చేవాడు మనవాడు. మదురైనుంచి తెన్‌కాశి పోవాలంటే మన ఊరు దాటుకునే పోవాల. నడుమ ఆకలైతే పాపం ఎక్కడికి పోతాడు?"

సుందరవల్లి పెద్దగా కంగారుపడలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ మొగుడితో కాపురం చేస్తున్న మనిషి. అంతకుముందు రాట్నం పిచ్చి పట్టినప్పుడు ఆయన ఆరు నెలలు వడికి, అరతువ్వాలుకు సరిపడా నూలు తీసి, నడుం పట్టేసిందని మంచమెక్కాడు. ఇదీ నాలుగు రోజుల ముచ్చటే అనుకుంది.

మద్రాసుతో ఆగితే నాలుగు రోజుల ముచ్చటే అయ్యేది. కానీ కాంగ్రెస్ ప్రీమియర్లు ఆరు రాష్ట్రాల్లో ఉన్నారని ఆయన పేపర్లో చదివాడు. సెప్టెంబరులో పఠాన్లుండే వాయవ్య సరిహద్దు రాష్ట్రం కూడా కలిసి ఏడుగురయ్యారు. ఏ రోజు ఎవరికి ఏం వండాలో కాగితం రాసి వంటింటి తలుపుకు అంటించాడు. సోమవారం మద్రాసుకు సాంబారు. మంగళవారం బొంబాయికి చపాతీ. బుధవారం సరిహద్దుకు మటన్. మరుసటేడు అసాం కూడా చేరి లెక్క ఎనిమిదైంది. వారానికి ఏడు రోజులే ఇచ్చిన దేవుడిమీద సుందరవల్లికి ఆనాడు నిజంగానే కోపం వచ్చింది.

"ఏమిది, చపాతీ గుండ్రంగా లేదే?" అని ఆయన ఒక మంగళవారం వంక పెట్టాడు.

"బొంబాయి మాత్రం గుండ్రంగా ఉందా?" అంది ఆమె.

ఇంతకీ రాని ప్రీమియర్ భోజనం ఏమయ్యేదని కదా మీ సందేహం. అక్కడికే వస్తున్నాను.

చెల్లప్ప అని ఒకాయన ఉండేవాడు. పక్కూరు సేత్తూరు పొలాల్లో కూలి చేసి బతికిన మనిషి. కల్లంగడి ముందు సత్యాగ్రహంలో రాజా పక్కన జెండా పట్టుకుని నిలబడి, ఛాతీమీద లాఠీదెబ్బ తిని, ఆయనతోపాటే తిరుచ్చి జెయిలుకు పోయాడు. తిరిగివచ్చాక పార ఎత్తితే ఆయాసం, పది అడుగులు వేస్తే దగ్గు. పని ఇచ్చేవాళ్ళు లేరు, నా అన్నవాళ్ళూ లేరు. ప్రీమియర్ ఆకు మొదలైన కొత్తలో ఒకసారి సుందరవల్లి మనసు ఆగక చెంబుతో కంజి తెచ్చి ఇస్తే రెండు చేతులూ జోడించాడు.

"వద్దమ్మా. జెయిల్లోనే ఊరికే తిన్లేదు. రాళ్ళు కొట్టి తిన్నాను."

అన్న మూడో నాడే పోస్టాఫీసు ముందు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇట్లాగే ఉంటే ఈ మనిషి ఏడాది తిరక్కుండా పోతాడని ఊరంతా అనుకుంది. కంజి చెంబు గుర్తొచ్చి సుందరవల్లి ఆ పూట సరిగా తినలేకపోయింది.

సరిగ్గా అప్పుడే శ్రీరెంగ రాజాకు ప్రీమియర్ల ప్రాణభయం పట్టుకుంది.

"చెల్లప్పా, నీకొక పని ఉంది. మన పెద్దలు విజయనగరం కొలువులో ఉన్నవాళ్ళు. రాయలవారు ముద్ద ఎత్తేముందు విషం ఉందో లేదో ఒకడు తిని చూసేవాడు. మన ప్రీమియర్ మాత్రం తక్కువా? రేపటినుంచి నువ్వు తిని చూడాల."

"ఒక ముద్ద చాలు గదా రాజా?"

"విషం పెట్టేవాడు పైన పెడతాడా? అడుగున పెడతాడు. ఆకు తుడిచి చూడాల."

వంటింట్లోంచి సుందరవల్లి తల బయటికి పెట్టింది. "ఆకు తుడిచినాక ఆ ప్రీమియర్‌కి ఏమి మిగుల్తుంది?"

"ప్రాణం మిగుల్తుంది!"

తన వంటలో విషమా అని ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చెల్లప్ప మాత్రం రోజూ పన్నెండుకు కాళ్ళు కడుక్కుని వచ్చి, కూడంలో ఆకు ముందు కూర్చుని, డ్యూటీ పూర్తిచేసి, "ఈరోజు విషం లేదు రాజా" అని చెప్పి పోయేవాడు. రాజా వీధిలోకి పోయి ఇటూ అటూ చూసి, "ఈరోజుకి ప్రీమియర్ రాడు" అని తలుపు వేసేవాడు.

ఒకసారి ఆయన చెల్లప్పను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి వచ్చాడు. ఆ వారంనుంచి సరిహద్దు ప్రీమియర్ మూడు రోజులు రావడం మొదలుపెట్టాడు. మూడు రోజులూ మటన్ ఎముకల రసం.

"ఆయనకి వాళ్ళ ఊర్లో పని ఏమీ లేదా?" అని సుందరవల్లి విసుక్కుంది.

"అంత దూరంనుంచి వచ్చే మనిషి ఏనాడు చేరతాడో ఎట్లా చెప్పేది?"

ఇట్లా రెండేళ్ళు గడిచాయి. చెల్లప్ప దగ్గు సగానికి తగ్గింది.

1939లో యుద్ధం వచ్చింది. మమ్మల్ని అడక్కుండా దేశాన్ని యుద్ధంలోకి దింపుతారా అని కాంగ్రెస్ ప్రభుత్వాలు రాజీనామా చెయ్యసాగాయి. ముందు మద్రాసు పోయింది. "ఇంకా ఏడుమంది ఉన్నారు!" అన్నాడు రాజా. బొంబాయి పోయింది. "ఆరుమంది!" అన్నాడు. సరిహద్దు పోయిన నాడు కాస్త దిగాలుపడి, "అసాం ప్రీమియర్‌కి కూడా మటన్ రసమంటే ప్రాణమంట" అన్నాడు. నవంబరు నడిమికి అసాం కూడా పోయింది. రాజా ఆ పేపరు మడిచి చాపకింద దాచాడు.

కానీ ఊర్లో పేపరు ఒకటేనా? ఆ మధ్యాహ్నం చెల్లప్ప వచ్చి గడపలోనే నిలబడిపోయాడు.

"ఎనిమిదిమందీ పోయినారంట గదా రాజా. ప్రీమియరే లేనప్పుడు తిని చూసేవాడు ఎందుకు? నేను వస్తాను." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

శ్రీరెంగ రాజా నోరు తెరిచాడు. మాట రాలేదు. వీధి మూలన నిలబడితే మూడు గంటలు ఆపకుండా మాట్లాడే మనిషి. ఆకువైపు చూశాడు, చెల్లప్ప ఛాతీవైపు చూశాడు, చివరికి గుక్కపట్టిన పిల్లవాడిలా పెళ్ళాం మొహంలోకి చూశాడు.

అప్పుడు తెలిసింది సుందరవల్లికి. ఆకు తుడవడం ఎందుకో, మూడు రోజుల మటన్ ఎవరికో, అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. తనకు చెప్పనందుకు మొగుడిమీద ఒళ్ళు మండింది. రెండేళ్ళుగా సణిగినందుకు తనమీద తనకే సిగ్గేసింది. చెల్లప్ప గడప దిగబోతున్నాడు. ఆమె గరిటతోనే కూడంలోకి వచ్చింది.

"ఎక్కడికి పోతావు? పదవిలో ఉన్నన్ని నాళ్ళు వాళ్ళకి తీరిక లేదు, అందుకే ఒక్కరూ రాలేదు. ఇప్పుడు ఎనిమిదిమందీ ఇంట్లో ఊరికే కూర్చున్నారు. కండిప్పా, తప్పకుండా ఇప్పుడే వస్తారు. అందరూ ఒకేసారి వచ్చినా వస్తారు! పని ఎక్కువయ్యే వేళకి వదిలి పోతానంటే ఎట్లా?"

చెల్లప్ప గడపలోనే వెనక్కి తిరిగాడు. "ఎనిమిదిమందా అమ్మా?"

"ఎనిమిదిమందీ!"

"అట్లయితే అప్పళం ఇంకొకటి చూడాల," అని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

శ్రీరెంగ రాజా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నాకు తట్టలేదే!" అన్నాడు.

"మీకేమి తట్టింది ఎప్పుడు," అంది సుందరవల్లి.

మరుసటేడు చెల్లప్ప ఒక మధ్యాహ్నం ఎవరో బక్కపలచని ఆడమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెను కూడంలో నిలబెట్టి, తాను వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"నేను కూడా రాజీనామా ఇస్తున్నానమ్మా. మిల్లు గేటులో కావలి పని దొరికినది. నా బదులు ఈ మునియమ్మాళ్‌ని పెట్టుకోండి. మొగుడు పోయినాడు. ఊరికే పెడితే తినేరకం కాదు. నాలుక మాత్రం మంచిది."

సుందరవల్లి గరిట ఆపింది. "నీకు ఎప్పుడు తెలిసినది?"

"మొదటి రోజే. అడుగున విషముందేమో అని వెతికితే నెయ్యి ఉండింది."

"తెలిసీ ఆనాడు పోతానన్నావే?"

"ఏదో ఒక సాకు లేకపోతే ముద్ద దిగదమ్మా. మీరు వచ్చి ఇచ్చినారు." అని నవ్వాడు. ఆ నవ్వులో దగ్గు లేదు.

కూడంలోంచి రాజా కేక వినిపించింది. "సుందరవల్లీ! ఈరోజు ఏ ప్రీమియర్?"

"బీహారు!" అని బదులు కేకేసి, ఆమె నెయ్యి గిన్నె పట్టుకుని పోయింది. మునియమ్మాళ్ ముందు ఆకు వేసి, ఎవరూ చూడకుండా ముందు నెయ్యి వేసి, దానిమీద అన్నం పెట్టింది.

"అడుగుదాకా చూడాల, తెలిసిందా?" అంది.