ఈశాన్యం మూల చెస్ట్‌నట్

ఈ దేశానికి వచ్చి, డెబ్భైల చివర ట్రాయ్ అనే ఊళ్లో ఇల్లు కొన్నాక మావారు గరాజ్‌కి పనిముట్లు కొనుక్కున్నారు. నేను రెండు హైబ్రిడ్ చెస్ట్‌నట్ మొక్కలు కొనుక్కున్నాను. ల్యాబ్‌లో నాతో పనిచేసే ఆవిడ ఓసారి కాల్చిన చెస్ట్‌నట్‌లు పెట్టింది. అచ్చం నిప్పుల్లో కాల్చిన పనస గింజ రుచి! అప్పటినుంచి నాకదే యావ.

నర్సరీ ఆవిడ గట్టిగానే చెప్పింది, ఒక్క చెట్టుంటే గింజ పట్టదు, రెండుండాలని. ఒకటి వంటింటి కిటికీ ఎదుట, రెండోది పెరటి చివర నాటాను. నాలుగైదేళ్లకు రెండూ నా తల దాటి, మొదటిసారి మొగ్గ తొడిగాయి. నేను నేలమీద నిలవలేదు.

సరిగ్గా అప్పుడే, మా తెలుగువాళ్లందరికీ వాస్తు చెప్పే పెద్దాయన ఒకరు భోజనానికొచ్చారు. పెరుగన్నం కలుపుకుంటూ కిటికీలోంచి పెరటి చివరకు చూసి, "ఈశాన్యంలో అంత చెట్టేమిటమ్మా? రిమూవ్ చేయించెయ్యండి" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. మావారు ఊరుకోలేదు. ఆయన కార్ల కంపెనీలో లేఆఫ్‌లు నడుస్తున్నాయి, ఆయన భయం ఆయనది. శనివారం నేను డ్యూటీ చేసి వచ్చేసరికి చెట్టు నేలమీదుంది.

"ఇంకోటి ఉందిగా! మనూళ్లో మామిడిచెట్టు ఒక్కటే ఉన్నా కాయట్లేదా?" అన్నారు రంపం తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వారమంతా ఆయనకు టోస్టే గతి.

అక్టోబర్‌లో మిగిలిన చెట్టు కింద ముళ్లకాయలు బాగానే రాలాయి. విప్పితే అన్నీ తాలే. ఒక్క నిండు గింజైనా దొరక్కపోతుందా అని మావారు గ్లవ్స్ వేసుకుని చివరి కాయదాకా విప్పారు. తల మాత్రం ఎత్తలేదు.

వసంతం వచ్చేసరికి నరికిన మొదలు చుట్టూ చిగుళ్లు లేచాయి. నేనేమీ అనకముందే, కుందేళ్లు కొరక్కుండా ఆయనే వల తెచ్చి కట్టారు. మూడు నాలుగేళ్లకు అవి మళ్లీ పూతకొచ్చాయి. పెద్దాయనా మళ్లీ వచ్చారు.

"ఇదేమిటయ్యా, మళ్లీ లేచింది? ఈసారి వేళ్లతో సహా తీయించు."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. కంపెనీలో మళ్లీ లేఆఫ్‌ల మాట వినిపిస్తోంది.

"లేదండీ, అది ఆవిడ చెట్టు. దాని జోలికి వెళ్లను," అన్నారు మావారు. గొంతులో భయం ఉంది. అయినా అన్నారు. ఆ క్షణంలో ఆయన మీద నాకెంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

ఆ శరత్కాలం రెండు చెట్లకూ గింజ పట్టింది, నున్నగా, బరువుగా. అవింకా రాలుతుండగానే ఆయన ఉద్యోగం పోయింది. ఆఫీస్ సామాను పెట్టెతో మధ్యాహ్నమే ఇంటికొచ్చి, సంగతి చెప్పి, కోటైనా విప్పకుండా పెరటి చివరకు నడిచారు. నాకు రంపం గుర్తొచ్చింది. కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

కాసేపటికి కోటు జేబుల నిండా గింజలతో లోపలికొచ్చారు.

"ఓవెన్ ఆన్ చెయ్యి," అన్నారు.